ప్యాకెట్ మీద దేశం పేరు ఎలా చదవాలి

మా కిరాణా కొట్లో చాలామంది ప్యాకెట్ తిప్పి, బార్‌కోడ్ 890తో మొదలైతే "ఇది మన ఇండియాదే బాబాయ్" అంటూ సంచీలో వేసుకుంటారు. దయచేసి ఆ పద్ధతి మానండి. ఆ కంపెనీ బార్‌కోడ్ నంబరును జీఎస్1 ఇండియా అనే నంబర్లిచ్చే సంస్థ దగ్గర తీసుకుందని మాత్రమే 890కి అర్థం. సరుకు ఏ దేశంలో తయారైనా ఆ అంకెలు ఉండొచ్చు. మీరు వెతకాల్సింది "కంట్రీ ఆఫ్ ఆరిజిన్" అన్న లైను, ఆ చుట్టుపక్కల చిన్న అక్షరాల్లో ఉండే చిరునామాలు.

మార్కెటెడ్ బై అంటే అమ్మకం చూసుకునేవాళ్లు. వాళ్ల ఆఫీసు హైదరాబాద్‌లో ఉన్నంత మాత్రాన సరుకు హైదరాబాద్‌ది అయిపోదు. ప్యాక్డ్ బై అంటే పొట్లం కట్టినవాళ్లు. ఇంపోర్టెడ్ బై అని ఉంటే బయటి సరుకే. మేడ్ ఇన్ పీఆర్‌సీ అంటే చైనా.

ఇంగువ డబ్బా చూడండి. మన కంపెనీల డబ్బాల మీద ఇండియా అనే ఉంటుంది. ముడి ఇంగువ మాత్రం ఎక్కువగా అఫ్గానిస్తాన్, ఇరాన్, ఉజ్బెకిస్తాన్‌ల నుంచి వస్తుంది. హిమాచల్‌లోని లాహౌల్ లోయలో మనవాళ్లు ఆ మొక్కలు నాటడం మొదలుపెట్టింది 2020లో. వచ్చిన ముడి ఇంగువకు ఇక్కడ పిండి, బంక కలిపి డబ్బాల్లో నింపుతారు. ప్రాసెసింగ్‌లో సరుకు స్వభావం మారితే, ఆ పని జరిగిన దేశాన్నే రాయాలని మన ఆహార లేబుళ్ల నియమం. కాబట్టి ఇంగువ కొనేటప్పుడు దేశం కన్నా పదార్థాల వరుస మీద దృష్టి పెట్టండి. బరువులో ఎక్కువున్నది ముందు రాయాలి. గోధుమపిండి మొదట ఉందంటే డబ్బాలో అన్నిటికన్నా ఎక్కువున్నది అదే. ఇంట్లో గోధుమ పడనివాళ్లుంటే ఈ లైను తప్పకుండా చదవండి. బియ్యప్పిండి కలిపినవీ దొరుకుతాయి.

కందిపప్పుదీ ఇంచుమించు ఇదే కథ. మొజాంబిక్, టాంజానియా, మయన్మార్‌ల నుంచి కందులు దిగుతాయి, ఇక్కడి మిల్లుల్లో పప్పవుతాయి. బయటి కంది అంటేనే నాసిరకం అనే మాట నేను ఒప్పుకోను. పప్పులో పురుగుందా, పాత వాసన వస్తోందా, రంగు వేశారా చూసుకోండి. మన రైతు పంటే కొనాలన్న పట్టుదల ఉంటే అది మంచి పట్టుదలే. అప్పుడు ఊరి పేరు పెట్టి అడగండి. తాండూరు కందికి 2022లో జీఐ గుర్తింపు, అంటే ఆ ప్రాంతపు ప్రత్యేక సరుకన్న గుర్తింపు వచ్చింది. వేరే చోట పండిన కందిని ఆ పేరుతో అమ్మకూడదు.

ఆన్‌లైన్‌లో అయితే, దిగుమతి సరుకుకు దేశం పేరు ఆ పేజీలోనే చూపించాలి. ఆర్డర్ పెట్టేముందు దాన్ని స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఇంటికొచ్చిన ప్యాకెట్ మీద వేరే దేశం ఉంటే దాన్నీ ఫొటో తీసి, బిల్లు దగ్గర పెట్టుకుని 1915కి ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడొచ్చు.