పని ఒకటే, కూలి వేరా? ఆడవాళ్లు అర్జీ పెట్టుకునే పద్ధతి

నెల్లూరు జిల్లా రొయ్యల కంపెనీ గ్రేడింగ్ టేబుల్ కావచ్చు, చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీలో పాలిషింగ్ లైన్ కావచ్చు. ఒకే పనికి మగవాళ్లకో కూలి, ఆడవాళ్లకో కూలి ఇవ్వడం చట్టవిరుద్ధం. 1976 నాటి సమాన వేతన చట్టం స్థానంలో వచ్చిన వేతనాల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉంది. మగవాళ్ల కూలి కోసి సమానం చేశామని చెప్పడానికీ వీల్లేదు.

అర్జీ నిలబడేది, పడిపోయేది పనిని వర్ణించిన తీరు మీదే. చాలామంది ‘మాకు అన్యాయం జరుగుతోంది’ అని రాసి ఊరుకుంటారు. అది నిజమే అయినా, ఆ ఒక్క మాటతో అధికారి ఏమీ తేల్చలేరు. చట్టం చూసేది నైపుణ్యం, శ్రమ, అనుభవం, బాధ్యత, పని పరిస్థితులు. కాబట్టి ఇలా రాయండి: ‘ఉదయం షిఫ్టులో నేనూ, నా పక్కన నిలబడే మగ వర్కరూ కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ప్రకారం రొయ్యలు వేరుచేసి, తూకం వేసి, ట్రేలలో సర్దుతాం. నాకు రోజుకు ఇంత, అతనికి ఇంత.’ రిజిస్టరులో అతన్ని ఆపరేటర్ అనీ మిమ్మల్ని హెల్పర్ అనీ చూపించినా భయపడకండి. హోదా పేరు మారితే పని మారిపోదు. అతను మధ్యలో ఐసు బాక్సులు మోస్తుంటే అదీ దాచొద్దు, ఎంతసేపు మోస్తాడో రాయండి. ఆచరణలో లెక్కలోకి రానంత చిన్న తేడాను చట్టం పట్టించుకోదు.

పే స్లిప్, హాజరు కార్డు, బ్యాంకు పాస్‌బుక్ నకళ్లు జతచేయండి. కాంట్రాక్టరు కింద పనిచేస్తుంటే కంపెనీ పేరు కూడా తప్పకుండా రాయాలి. కాంట్రాక్టరు ఇవ్వకపోతే చెల్లించాల్సింది కంపెనీయే. కాగితాలు తక్కువున్నాయని వెనక్కి తగ్గకండి. ఇవ్వాల్సిన కూలి ఇచ్చేశానని రుజువు చేసుకోవాల్సిన భారం యజమానిదే.

అర్జీ మీరే పెట్టుకోవచ్చు, లేదా మీరు సభ్యులుగా ఉన్న రిజిస్టర్డ్ యూనియన్ పెట్టవచ్చు. ఎంతమంది తరఫునైనా ఒకే అర్జీ చాలు. నలుగురూ కలిసి సంతకాలు పెట్టడమే మేలని నా సలహా, ఒక్కరే టెన్షన్ పడే అవసరం ఉండదు. గడువు మూడేళ్లు.

నెల్లూరు లేదా ఒంగోలులోని కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్లి, క్లెయిములు విచారించే అధికారి పేరిట ఇవ్వండి. రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకున్నాకే బయటికి రండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనూ చెప్పుకోవచ్చు గానీ, క్లెయిము మాత్రం ఈ అధికారి దగ్గరే ఉండాలి. రాయడం రాకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి. ఆదాయం ఎంతున్నా ఆడవాళ్లకు అక్కడ న్యాయ సహాయం ఉచితం. ఫోను నంబరు 15100.

మూడు నెలల్లో తేల్చడానికి అధికారి ప్రయత్నించాలి. బకాయితో పాటు దానికి పది రెట్ల దాకా పరిహారం వేయవచ్చు. యజమాని కట్టకపోతే కలెక్టరు ద్వారా భూమి శిస్తు బకాయిలా వసూలు చేస్తారు. తీర్పు నచ్చకపోతే 90 రోజుల్లో అప్పీలుకు వెళ్లవచ్చు.