‘పిక్ అప్’ని పట్టుకోవడం ఎలా?

అమీర్‌పేట్‌లో మా సాయంత్రం ఇంగ్లీషు బ్యాచ్‌కి వచ్చే పిల్లల నోట్‌బుక్ చివరి పేజీల్లో తరచూ ఒక జాబితా కనిపిస్తుంది. ఎడమవైపు ‘పిక్ అప్’, కుడివైపు ‘ఎత్తుట, తీసుకొనుట, నేర్చుకొనుట, మెరుగుపడుట’ అని వరసగా అర్థాలు. అదంతా బట్టీ పట్టి ఇంటర్వ్యూకి వెళ్తారు. అక్కడ ‘సేల్స్ హావ్ పిక్డ్ అప్’ అని వినపడగానే, సేల్స్‌ని ఎవరు ఎత్తారబ్బా అని ఆగిపోతారు. ఆ జాబితా నాకు నచ్చదు. మొదటి రోజే పక్కన పెట్టిస్తాను.

“మేడం, అన్నీ వద్దు, ఒక్క అర్థం చెప్పండి చాలు” అని ఎవరో ఒకరు అడుగుతారు. “సరే, ‘పట్టు’కి ఒక్క అర్థం నువ్వు చెప్పు” అంటాను. జలుబు పట్టింది, తుప్పు పట్టింది, టైం పట్టింది, నిద్ర పట్టలేదు, ఊరి దారి పట్టాడు, పిండి పట్టించాం. వీటికి మనకెవరూ టేబుల్ గీసి నేర్పలేదు. పట్టింది జలుబా, తుప్పా అన్నది తెలిస్తే చాలు, మిగతాది చెవి చూసుకుంటుంది. ‘పిక్ అప్’కీ అదే దారి. దాన్ని వదిలేసి, దాని పక్కన ఏ మాట ఉందో ముందు చూడండి.

పక్కన వస్తువు ఉంటే సులువే. కింద పడ్డ బ్యాగ్ అయితే ఎత్తడం, అంటే ‘లిఫ్ట్’. అదే వస్తువు షాపులో ఉంటే కొనడం. ‘ఐల్ పిక్ అప్ సమ్ కర్డ్ ఆన్ ద వే’ అంటే వస్తూ వస్తూ పెరుగు కొనుక్కొస్తాను అని, అంటే ‘బై’. దీన్ని ‘ఎత్తుకొస్తా’ అని తెలుగు చేసుకుంటే దొంగతనం అవుతుంది!

పక్కన మనిషి ఉంటే కాస్త జాగ్రత్త. ‘ఐల్ పిక్ యూ అప్ ఎట్ ది ఎయిర్‌పోర్ట్’ అంటే శంషాబాద్ వెళ్లి తీసుకొస్తానని. ఇక్కడ ‘కలెక్ట్’ కూడా నడుస్తుంది. దీనికి ఎదురు మాట ‘డ్రాప్ ఆఫ్’. మన సిటీలో అందరూ అనే ‘డ్రాపింగ్ ఉందా’ బయటివాళ్లకి అర్థం కాకపోవచ్చు. పోలీసులు ఎవరినైనా ‘పిక్ అప్’ చేశారంటే పట్టుకుపోయారని, అంటే ‘డిటెయిన్’ లేదా ‘అరెస్ట్’. ఇక ముక్కూ మొహం తెలియని అమ్మాయినో అబ్బాయినో పబ్‌లో ‘పిక్ అప్’ చేశాడంటే మాటలు కలిపి వలలో వేసుకున్నాడనే అర్థం వస్తుంది. కాబట్టి ‘నిన్న మెట్రో దగ్గర ఒకమ్మాయిని పిక్ అప్ చేశాను’ అని ఆఫీసులో ఇంగ్లీషులో చెప్పేటప్పుడు, ఆ అమ్మాయి మీ చెల్లెలైతే ‘మై సిస్టర్’ అని తప్పకుండా చెప్పండి.

నాకు బాగా ఇష్టమైనది నేర్చుకోవడం అనే అర్థం. ఇక్కడే చాలామంది జారిపోతారు. ‘లెర్న్’, ‘పిక్ అప్’ రెండూ ఒకటే అనుకుంటారు, కానీ కాదు. కోఠీలో బట్టల షాపులో పనిచేసే నల్గొండ కుర్రాడిని ఊహించుకోండి. వచ్చిన కొత్తలో వాడికి హిందీ ముక్క రాదు. గిరాకీ వచ్చినప్పుడల్లా పక్క కుర్రాడు ఏమంటున్నాడో వింటాడు. కొన్నాళ్లకి ‘నక్కో’, ‘హౌ’ అంటూ బేరమాడేస్తుంటాడు. పుస్తకం లేదు, పంతులు లేడు. ‘హీ పిక్డ్ అప్ హిందీ ఎట్ ద షాప్’ అంటే సరిగ్గా అదీ, వింటూ చేస్తూ పట్టుకోవడం. మీరు ఫీజు కట్టి, మెటీరియల్ జిరాక్స్ తీయించుకుని, క్లాసులో కూర్చుని నేర్చిన జావా ప్రోగ్రామింగ్‌కి ‘పిక్డ్ అప్’ నప్పదు, ‘లెర్న్డ్’ అనండి. ఉద్యోగంలో చేరాక సీనియర్ పక్కన కూర్చుని అబ్బిన ఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ భాషకి మాత్రం ‘ఐ పిక్డ్ ఇట్ అప్ ఆన్ ద జాబ్’ చక్కగా సరిపోతుంది. రెజ్యూమెలో రాసేటప్పుడు అదే ‘అక్వైర్డ్’ అవుతుంది. నోటితో మాత్రం ‘అక్వైర్డ్’ అనకండి, బరువుగా ఉంటుంది.

జబ్బు కూడా ఇలాగే తగులుకుంటుంది. ‘ఐ పిక్డ్ అప్ ఎ బగ్’ అంటే ఏదో చిన్న ఇన్‌ఫెక్షన్ అంటుకుందని. మాదాపూర్ సాఫ్ట్‌వేర్ కోడ్‌లోని బగ్ కాదు. మామూలు మాటల్లో ‘క్యాచ్’, డాక్టర్ రిపోర్టులో ‘కాంట్రాక్ట్’. అంటుకునే జబ్బులకే ఇది వాడాలి. షుగర్, బీపీలకి పనికిరాదు.

పక్కన ఏమీ లేకపోతే? అప్పుడు ‘పిక్ అప్’కి ముందున్న మాట చూడండి. వ్యాపారం ‘పిక్డ్ అప్’ అంటే పుంజుకుంది, ‘ఇంప్రూవ్డ్’. గాలి అయితే జోరెక్కింది. మనిషి పేరుండి ‘డిడంట్ పిక్ అప్’ అంటే ఫోన్ ఎత్తలేదు, ‘డిడంట్ ఆన్సర్’. మనం వాడే ‘కాల్ లిఫ్ట్ చేయలేదు’ మన దగ్గర బాగానే నడుస్తుంది కానీ, అమెరికా క్లయింట్‌తో ‘లిఫ్ట్’ మానేయండి. పక్కన చప్పుడు చేసేది ఉంటే వినపడటం: జూమ్‌లో ‘యువర్ మైక్ ఈజ్ పికింగ్ అప్ ద ఫ్యాన్’ అంటే మీ ఫ్యాన్ చప్పుడు వాళ్లకి వినపడుతోందని, ‘డిటెక్ట్’ అన్నమాట. మీటింగ్‌లో ‘లెట్స్ పిక్ అప్ వేర్ వీ లెఫ్ట్ ఆఫ్’ అంటే ఆపిన చోట మొదలుపెడదామని, ‘రిజ్యూమ్’. పక్కన బిల్లు ఉంటే కట్టడం.

ఇవన్నీ చూసి దిగులు పడకండి. 1755లో ఇంగ్లీషు డిక్షనరీ వేసిన శామ్యూల్ జాన్సనే తన ముందుమాటలో ఒప్పుకున్నాడు: క్రియ వెనక చిన్న మాట తగిలించి అర్థం మార్చేసే ఈ పద్ధతి పరాయివాళ్లకి అన్నిటికన్నా కష్టమని.

వాక్యం కట్టేటప్పుడు ఒక్క నియమం గట్టిగా గుర్తుపెట్టుకోండి. ‘ఇట్, హిమ్, హర్, దెమ్’ లాంటివి మధ్యలోనే కూర్చోవాలి. ‘పిక్ హర్ అప్’ ఒప్పు, ‘పిక్ అప్ హర్’ తప్పు. పేరైతే రెండు చోట్లా ఉండొచ్చు. పలికేటప్పుడు ‘పిక్కుడ్ అప్’ వద్దు, ‘పిక్ టప్’ అని కలిపేయండి. క్రియగా వాడినప్పుడు ‘అప్’ మీద బలం, ‘పికప్ పాయింట్’లో లాగా నామవాచకమైతే ‘పిక్’ మీద బలం.

మీరే సాధన చేయాలంటే నోట్‌బుక్‌లో అర్థం రాయకండి. విన్న వాక్యం మొత్తం రాసి, పక్క మాట కింద గీత గీయండి. తర్వాత ‘పిక్ అప్’ తీసేసి ‘ఆన్సర్’, ‘కలెక్ట్’, ‘ఇంప్రూవ్’ లాంటిది పెట్టి చూడండి. వాక్యం నిలబడితే మీరు సరిగ్గానే పట్టారు. నిలబడకపోతే ఇంకో మాట పెట్టండి.

ఇది వచ్చాక ‘టేక్ ఆఫ్’ మీద పడండి. విమానం, చెప్పులు, సెలవు, కొత్తగా పెట్టిన బిజినెస్. నాలుగింటికీ నాలుగు వాక్యాలు మీరే రాసుకోండి.