కలం, సిరాలతో రూపచిత్రణ – 5వ పాఠం: అద్దం ముందు స్వీయచిత్రం

గత పాఠంలో కన్ను, ముక్కు, పెదవులను విడివిడిగా సాధన చేశాం. ఈసారి ముఖాన్ని మొత్తంగా, అదీ మన ముఖాన్నే గీద్దాం. ఇందుకు మార్గదర్శిగా లండన్ చిత్రకారుడు జొనాథన్ రిచర్డ్‌సన్‌ను (1667–1745) ఎంచుకున్నాను. ఆయన మొదట దస్తావేజులు రాసే లేఖకుని వద్ద పని నేర్చుకుని, ఆ తరువాతే జాన్ రైలీ అనే రూపచిత్రకారుని వద్ద శిష్యుడిగా చేరాడు. చిత్రకారుడిగా పేరు తెచ్చుకుని, పూర్వపు మహాచిత్రకారుల రేఖాచిత్రాలను వేల సంఖ్యలో సేకరించిన ఆయన, అరవై దాటాక, 1728 ప్రాంతం నుంచి, ఎవరూ అడగకుండానే తన ముఖాన్ని పదేపదే గీసుకున్నాడు. వాటిలో నీలికాగితంపై సుద్దతో నిదానంగా తీర్చినవి ఉన్నాయి, చర్మపత్రంపై గ్రాఫైట్‌తో సన్నగా గీసినవి ఉన్నాయి, కలంతో గీసినవీ ఉన్నాయి. నాకు ఈ చివరివే ఎక్కువ ఇష్టం, ఎందుకంటే చెరిపే వీలులేని చోటనే చిత్రకారుని నిర్ణయం స్పష్టంగా కనబడుతుంది.

ఆ కాలంలో కలమంటే పెద్దబాతు ఈక, సిరా అంటే మాచికాయల కషాయంలో అన్నభేది (ఒక ఇనుప లవణం), జిగురు కలిపి చేసినది. రాసినప్పుడు నల్లబడే ఆ సిరా ఏళ్లు గడిచేకొద్దీ గోధుమరంగుకు తిరుగుతుంది, కాగితాన్ని కూడా తినేస్తుంది. మీరు ఉక్కు పాళీ, నల్ల ఇండియన్ ఇంకు, మందపాటి నున్నని కాగితం తీసుకోండి.

కుడిచేతి వాటం ఉన్నవారు కిటికీ ఎడమవైపు ఉండేలా కూర్చుని, అద్దాన్ని కాగితానికి పక్కన, కళ్ల ఎత్తులో నిలపండి. తల తిప్పకుండా చూపు మాత్రమే అద్దానికీ కాగితానికీ మధ్య కదలాలి. నడినెత్తి, గడ్డం, కనుగీత, ముక్కు అడుగు ఉండే చోట్ల పెన్సిలుతో నాలుగు చుక్కలు పెట్టుకోండి. అంతకుమించి పెన్సిలు వాడవద్దు. పెన్సిలు గీతపై సిరా పోసినవారి బొమ్మలో ప్రాణం ఉండదని నా గట్టి అభిప్రాయం.

మీకు దగ్గరగా ఉన్న కంటితో మొదలుపెట్టండి. పైరెప్ప గీత కాస్త బరువుగా ఉండాలి. అది కనుగుడ్డుపై వేసే నీడను రెండు మూడు సన్నని గీతలతో చూపితే గుడ్డు గుంటలో కూర్చున్నట్లు కనబడుతుంది. కిందిరెప్పను పూర్తిగా గీయక, మూలల్లో మాత్రమే తాకి వదిలేయండి. నల్లగుడ్డులో మెరిసే చుక్క కోసం కాగితాన్ని ముందే తెల్లగా విడిచిపెట్టాలి, తరువాత దాన్ని తెచ్చుకోలేం. స్వీయచిత్రాల్లో కళ్లు గుచ్చి చూస్తున్నట్లు రావడానికి కారణం మనం గీస్తూ కనుబొమలు ముడివేయడమే. అందుకని మధ్యమధ్య కళ్లు మూసి, నుదురు సడలించి, మళ్లీ చూడండి.

కన్ను కుదిరాక ముక్కుకూ, దవడకూ అక్కడి నుంచే దూరాలు కొలుచుకుంటూ వెళ్లండి. ముఖం చుట్టూ ఒకే గీతతో అంచు కట్టవద్దు. వెలుగు పడే చెంప అంచును తెంచి, నీడ ఉన్న వైపు మాత్రమే పాళీని నొక్కి గీయండి. పాళీని మీ వైపు లాగినప్పుడే నొక్కాలి, ఎదురు తోస్తే చీలి సిరా చిమ్ముతుంది. నీడ గీతలు చెంప గుండ్రదనాన్ని అనుసరించి, బొంగరానికి తాడు చుట్టినట్లు వంగుతూ సాగాలి. ఇంకా ముదురు కావలసిన చోట, మొదటి వరుస పూర్తిగా ఆరాక, దానికి ఏటవాలుగా రెండో వరుస వేయండి. గీత తప్పితే దాన్ని కప్పే ప్రయత్నం చేయక, పక్కనే సరైన గీత గీసి ముందుకు సాగండి.

ఈ వారం రోజుకొక చిత్రం, అరగంటకు మించకుండా, ప్రతిరోజూ తల కోణం కొద్దిగా మార్చి గీయండి. రిచర్డ్‌సన్ తన చిత్రాలు చాలావాటికి తేదీ వేసినట్లే మీరూ వేయండి. వచ్చే పాఠంలో సిరాలో నీళ్లు కలిపి, కుంచెతో పలుచని నీడలు పూయడం చూద్దాం.