పాత నాణేల చదువు, 4వ పాఠం: బొరుసు నుంచి మొదలుపెట్టండి

పోయిన పాఠంలో వేలంపాట దాకా వచ్చాం. పాట మీ పేరున ఖాయమైంది, డబ్బు కట్టేశారు, ఇప్పుడు పోస్టులో కవరు వచ్చింది. ఈ పాఠం కోసం రోమన్ కంచు నాణేల చిన్న లాటు ఒకటి వచ్చిందనుకుందాం. క్రీ.శ. నాలుగో శతాబ్దంలో కాన్‌స్టాంటైన్ చక్రవర్తి, ఆయన కొడుకులు ముద్రించినవి. కొత్తగా నేర్చుకునేవాళ్లు వీటితోనే మొదలుపెట్టాలని నేను గట్టిగా చెబుతాను. లెక్కలేనన్ని మిగిలాయి, పైగా చాలావాటి మీద ఏ టంకశాలలో కొట్టారో ఆ గుర్తు కూడా ఉంటుంది.

కవరు చించేముందు దాన్ని రెండు వైపులా ఫోటో తీయండి. విప్పుతున్నంతసేపూ ఫోన్‌లో వీడియో నడుస్తుంటే ఇంకా మంచిది. నాణెం తగ్గినా, మారినా అడగడానికి ఆధారం ఉంటుంది. బల్ల మీద మెత్తని గుడ్డ పరిచి దాని మీదే విప్పండి. ఖాళీ అయిందనుకున్న కవరును వెంటనే పారేయొద్దు. ఈ నాణేలు వేలిగోరంత ఉంటాయి, టేపు మడతల్లో ఇరుక్కుపోతాయి. లోపలి చీటీ, బిల్లు, లాట్ నంబర్ ఉన్న కాగితం అన్నీ దాచండి. నాణెం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే కాగితం పోతే మళ్లీ పుట్టదు.

కానీ చీటీ మీద రాసింది ఇప్పుడే చదవకండి. బోర్లించి పక్కన పెట్టండి. అమ్మినవాళ్లు మోసం చేస్తారని కాదు. పెద్ద లాట్లు అమ్మేవాళ్లు హడావిడిగా పేర్లు రాస్తారు, ఒక్కోసారి పక్క నాణెం చీటీ దీనికి వస్తుంది. పేరు ముందే తెలిస్తే కన్ను ఆ పేరునే చూస్తుంది, అరిగిపోయిన చోట లేని అక్షరాలు కూడా కనిపిస్తాయి. మీ పని పూర్తయ్యాక చీటీతో పోల్చుకోవచ్చు.

ముందు వేలం ఫోటోతో సరిచూడండి. అంచు మీది పగుళ్లు, చిలుము మచ్చలు, గుంతలు ఏ రెండు నాణేలకూ ఒకేలా ఉండవు. ఫోటోలో ఉన్న పగులు చేతిలో ఉన్నదానికి లేకపోతే అది మీరు పాడిన నాణెం కాదు, అదేరోజు రాయండి. తిప్పి పంపే గడువు కొద్ది రోజులే ఉంటుంది. ఇదే కిటుకు నకిలీలకీ పనికొస్తుంది: ఒకే లాటులో రెండు నాణేలకు ఒకే చోట, ఒకే ఆకారంలో గుంత కనబడితే రెండూ ఒకే మూస నుంచి పోత పోసినవే కావచ్చు. పోత నాణేనికి అంచు చుట్టూ సన్నని అతుకు గీత, పైన బుడగల గుంతలు, అక్షరాల అంచులు కరిగినట్టు మెత్తగా ఉండటం లాంటి గుర్తులుంటాయి. అచ్చు పెట్టి సుత్తితో కొట్టినదానికి అంచు తరచూ చిట్లుతుంది. చిట్లితే లోపమని కొత్తవాళ్లు టెన్షన్ పడతారు, నిజానికి అది మంచి గుర్తే.

తర్వాత తూకం. గ్రాములో నూరో వంతు చూపే చిన్న త్రాసు, మిల్లీమీటర్లు కొలిచే కాలిపర్, పదింతలు పెద్దగా చూపే భూతద్దం ఉంటే చాలు. నాణేన్ని అంచులతోనే పట్టుకోండి. కడగొద్దు, తోమొద్దు, నిమ్మరసం, చింతపండు దగ్గరికి రానివ్వొద్దు. ఆ చిలుము పొరలోనే అక్షరాల ఆకారం నిలిచి ఉంటుంది. అది పోతే అక్షరం కూడా పోతుంది.

ఇక చదవడం. అందరూ బొమ్మ వైపు నుంచి, అంటే రాజు ముఖం నుంచి మొదలుపెడతారు. ఈ కాలపు నాణేలకు అది పనికిరాదు. తండ్రీ కొడుకులందరి ముఖాలూ ఒకే మూసలో ఉంటాయి. బొరుసు తిప్పండి.

బల్ల దీపాన్ని బాగా కిందికి, నాణెం పక్కకు దించండి. నాణేన్ని మెల్లగా తిప్పుతుంటే అరిగిన గీతలకు నీడలు లేస్తాయి, అక్షరాలు ఒక్కొక్కటిగా బయటపడతాయి. మన లాటులో ఎక్కువగా కనబడేది ఈ చిత్రం: ఈటెలు, డాళ్లు పట్టుకుని ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరు సైనికులు, మధ్యలో ఒకటో రెండో సేనాధ్వజాలు, అంటే సైన్యపు జెండా కర్రలు. చుట్టూ 'గ్లోరియా ఎక్సెర్సిటుస్' అని, అంటే సైన్యం కీర్తి. ఇప్పుడు ధ్వజాలు లెక్కపెట్టండి. రెండుంటే నాణెం సుమారు 330-335 మధ్యది. ఒకటే ఉంటే 335 తర్వాత, 341 లోపలిది. తూకం కూడా ఇదే మాట చెప్పాలి. రెండు ధ్వజాలది దాదాపు రెండున్నర గ్రాములు తూగుతుంది. ఒక ధ్వజానిది బాగా తగ్గి ఒకటిన్నర గ్రాము దరిదాపుల్లో ఉంటుంది. రాజ్యం నాణెం బరువు తగ్గించిందన్న సంగతి పుస్తకం చూడకుండానే మీ త్రాసు మీద తేలుతుంది. నాకు ఈ నాణేలంటే ఇంత ఇష్టం కలగడానికి అదే కారణం.

సైనికుల కాళ్ల కింద అడ్డగీత, దాని కింద కొన్ని అక్షరాలు ఉంటాయి. టంకశాల గుర్తు అదే. 'టి ఆర్' అంటే ట్రియర్, ఇప్పటి జర్మనీలో ఉంది. 'ఎస్ ఐ ఎస్' అంటే సిస్కియా, క్రొయేషియాలోని సిసాక్. 'ఎస్ ఎం ఎన్' నికోమీడియా, 'ఎస్ ఎం కె' సిజికస్, 'ఎస్ ఎం ఎ ఎన్' అంతియోక్; ఈ మూడూ ఇప్పటి టర్కీలోవి. పక్కన మిగిలే అక్షరం టంకశాలలో ఏ విభాగం కొట్టిందో చెబుతుంది. తూర్పు టంకశాలలు దీనికి ఆల్ఫా, బీటా, గామా వాడాయి. పడమటివి ఎక్కువగా ఒకటోది, రెండోది అనే లాటిన్ మాటల మొదటి అక్షరాలు పి, ఎస్ వాడాయి.

ఇక్కడ ఒక చిక్కుంది. 'కాన్స్' (CONS) అని కనబడగానే కాన్‌స్టాంటినోపుల్ అని రాసేయకండి. ఫ్రాన్స్‌లోని ఆర్ల్ నగరానికి కూడా ఆ రోజుల్లో కాన్‌స్టాంటీనా అని పేరు మార్చారు, అక్కడి గుర్తు 'కాన్స్ట్' (CONST). ముందు పి గానీ ఎస్ గానీ ఉండి, చివర టి ఉంటే అది ఆర్ల్. ముందు ఏమీ లేకుండా 'కాన్స్' తర్వాత గ్రీకు అక్షరం ఉంటే కాన్‌స్టాంటినోపుల్. ఒక్క అక్షరం తేడాతో నాణెం ఫ్రాన్స్ నుంచి ఇస్తాంబుల్‌కు వెళ్లిపోతుంది.

ఇప్పుడు బొమ్మ వైపు రండి. పేరు మొత్తం దొరక్కపోయినా తోక దొరికితే చాలు. ఈ నాణేల మీద 'యు'ను 'వి'గానే చెక్కారు. పేరు చివర వి, ఎస్ కనబడితే వాటికి ముందున్న అక్షరం చూడండి: ఎన్ అయితే కాన్‌స్టాంటైన్, ఐ అయితే కాన్‌స్టాంటియస్. అసలు వి లేకుండా 'ఎ ఎన్ ఎస్' అని ముగిస్తే కాన్‌స్టాన్స్. ఈ చివరి ఇద్దరూ చక్రవర్తి కొడుకులు. తండ్రికీ ఇంకో కొడుక్కీ పేరొకటే కాబట్టి పేరు తర్వాతి మాట కూడా కావాలి. 'మాక్స్ ఆగ్' (MAX AVG) ఉంటే సాధారణంగా తండ్రే; 'ఆగ్' అంటే ఆగస్టస్, చక్రవర్తి బిరుదు. 'ఐ వి ఎన్, నాబ్ సి' ఉంటే చిన్న కాన్‌స్టాంటైన్, ఇంకా సీజర్‌గా, అంటే చక్రవర్తి కింది పాలకుడిగా ఉన్నప్పటిది. 337లో తండ్రి పోయాక కొడుకులు ముగ్గురూ 'ఆగ్' పెట్టుకున్నారు. అందుకే ఒక ధ్వజం నాణెం మీద 'కాన్‌స్టాంటైన్ ఆగ్' అని మాత్రమే ఉంటే తొందరపడి తండ్రికి కట్టబెట్టకండి.

ఇవన్నీ కాగితం మీద పెట్టాకే కేటలాగు తెరవండి. రోమన్ ఇంపీరియల్ కాయినేజ్ ఏడో సంపుటి, 1966లో వచ్చింది, 313-337 మధ్య కాలానికి అదే ఆధారం. అందులో పేజీలు టంకశాలల వారీగా ఉంటాయి. టంకశాల తెలియకుండా పేరు పట్టుకుని వెతికితే ఒకే చిత్రం పదిచోట్ల తగులుతుంది. పుస్తకం లేకపోతే అమెరికన్ న్యూమిస్‌మాటిక్ సొసైటీ ఉచితంగా పెట్టిన 'ఆక్రే' (OCRE) అనే ఆన్‌లైన్ జాబితా ఉంది. అందులోనూ టంకశాల ఎంచుకుని దిగితే వెతుకులాట తగ్గిపోతుంది.

కొన్ని నాణేలు అచ్చు పక్కకు జరిగి పడటం వల్ల కింది అక్షరాలే లేకుండా పుడతాయి. అప్పుడు 'టంకశాల కనబడదు' అని రాసి వదిలేయండి. ఊహించి రాసిన కేటలాగు సంఖ్య కంటే ఖాళీ గడే మేలు.

ఈ వారం అభ్యాసం: ఒక్క నాణేనికి ఒక్క పేజీ. పైన తూకం, నాణెం వ్యాసం (మిల్లీమీటర్లలో). తర్వాత అచ్చుల దిశ: రాజు తల నిటారుగా ఉండేలా పైనా కిందా పట్టుకుని తలుపులా పక్కకు తిప్పండి. సైనికులు నిటారుగా ఉంటే 12 అని, తలకిందులైతే 6 అని గడియారం లెక్కలో రాయండి. ఆ తర్వాత బొరుసు, కింది గుర్తు, చివర బొమ్మ. అనుమానం ఉన్న అక్షరం కింద చుక్క పెట్టండి. అంతా అయ్యాకే చీటీ తిప్పి చూడండి, తేడా వస్తే రెండూ పక్కపక్కన రాయండి.

ఈలోపు ఏ నాణెం మీదైనా లేత ఆకుపచ్చ పొడి రాలుతుంటే దాన్ని మిగతావాటి నుంచి విడదీసి, పొడిగా ఉన్న డబ్బాలో ఒంటరిగా ఉంచండి. ఆ జబ్బు సంగతి 5వ పాఠంలో చూద్దాం.