మన చేతి విమానం – ఆరో పాఠం: ప్రొపెల్లర్ తేలాకే స్పిన్నర్

గత పాఠంలో మోటారును ఫైర్‌వాల్‌కు (ముక్కు దగ్గరి అడ్డు పలకకు) బిగించి ఆపాం. 120 సెంటీమీటర్ల రెక్క, బ్యాటరీతో కలిపి దాదాపు 900 గ్రాముల బరువు, 1000 కేవీ మోటారు (అంటే లోడు లేనప్పుడు వోల్టుకు నిమిషానికి 1000 చుట్లు), మూడు సెల్లుల లైపో (11.1 వోల్టుల లిథియం బ్యాటరీ), 30 ఆంపియర్ల ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపు చేసే పరికరం). ఇదీ రేడియోతో నడిపే మన విమానం. ముక్కు ఇంకా బోసిగా ఉంది. ఈ దశలో నేర్చుకునేవాళ్లు ముందుగా అడిగేది స్పిన్నర్ గురించే. ప్రొపెల్లర్ మధ్యలో మెరిసే ఆ టోపీ పెడితే గాని విమానానికి కళ రాదని వాళ్ల తొందర. ఏ ప్రొపెల్లర్ వాడాలో తేలేదాకా స్పిన్నర్ కొనవద్దని నా గట్టి మాట. ఎందుకో పాఠం నడిచేకొద్దీ తెలుస్తుంది.

ప్రొపెల్లర్ (ఇకపై ప్రాప్) మీద 9×6, 10×5 అని అంకెలుంటాయి. మొదటిది ఈ కొస నుంచి ఆ కొసకు వ్యాసం, రెండోది పిచ్. రెండూ అంగుళాల్లోనే. మెత్తటి చెక్కలో స్క్రూను ఒక చుట్టు తిప్పితే కొంత లోపలికి దిగుతుంది కదా, అదే లెక్కన 9×6 ప్రాప్ ఒక చుట్టుకు 6 అంగుళాలు ముందుకు సాగాలి. గాలి చెక్కలా గట్టిగా పట్టి ఉండదు, జారుతుంది. కాబట్టి నిజంగా సాగేది కొంచెం తక్కువే. అయినా ఎంపికకు ఈ అంకె చాలు. (విమానానికి రెక్క అనే మాట ముందే ఉంది కనుక ప్రాప్ ఆకులను ఈ పాఠాల్లో బ్లేడు అంటున్నాను.)

బోరు మోటారు వైండింగ్ కాలడం గురించి పాలమూరు రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. శక్తికి మించి లోడు పడితే మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, వేడెక్కుతుంది, చివరికి తీగచుట్ట మాడుతుంది. విమానం మోటారు కూడా అంతే. దాని మీద పడే లోడు ప్రాపే. ఆ లోడు ఎంతో నిర్ణయించేది మోటారు అమ్మినవాడు కాదు, మీరు. అందుకే ఈ పాఠానికి మిగతావాటికన్నా ఎక్కువ సమయం ఇవ్వమంటున్నాను.

లోడు ఎలా పెరుగుతుందో చూడండి. చుట్ల వేగం మారకపోతే, పిచ్ ఎన్ని రెట్లయితే లోడు సుమారుగా అన్ని రెట్లవుతుంది. వ్యాసం సంగతి అలా కాదు. వ్యాసం నాలుగో ఘాతం (వ్యాసం × వ్యాసం × వ్యాసం × వ్యాసం) పెరిగినంత వేగంగా లోడు పెరుగుతుంది. 9 అంగుళాల నుంచి 10కి వెళ్తే పెరిగింది ఒక్క అంగుళమే అనిపిస్తుంది, లోడు మాత్రం దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. అంటే 9×6, 10×4 మోటారుకు ఇంచుమించు ఒకే బరువు. విమానానికి మాత్రం రెండూ ఒకటి కావు. 10×4 ఎక్కువ గాలిని నెమ్మదిగా తోస్తుంది, తక్కువ దూరంలో లేపుతుంది. 9×6 తక్కువ గాలిని జోరుగా తోస్తుంది, ఎదురుగాలిలో ముందుకు దూసుకుపోతుంది.

ఎంత జోరు అన్నది లెక్క కట్టవచ్చు. నిమిషానికి తిరిగే చుట్లను పిచ్ అంగుళాలతో గుణించి, ఆ మొత్తాన్ని 0.001524తో గుణిస్తే గంటకు కిలోమీటర్లలో పిచ్ వేగం వస్తుంది. 1000 కేవీ మోటారు 11.1 వోల్టుల మీద లోడు లేకుండా 11,100 చుట్లు తిరగాలి. ప్రాప్ పెట్టాక అది 8,000 దగ్గరికి దిగిందనుకుందాం. పిచ్ 4 అయితే గంటకు 49 కిలోమీటర్లు, 6 అయితే 73. మన విమానం గంటకు 28 కిలోమీటర్ల దరిదాపుల్లో స్టాల్ అవుతుంది, అంటే వేగం చాలక రెక్క విమానాన్ని మోయలేకపోతుంది. పిచ్ వేగం దానికి రెట్టింపుకన్నా తక్కువైతే విమానం ఎగిరినా చేతికి మొద్దుగా తగులుతుంది. రెండున్నర రెట్లుంటే అదుపు బాగుంటుంది. ఆషాఢంలో నైరుతి గాలి వీచే రోజున దేవరకద్ర వైపు చలకల్లో 4 పిచ్‌తో ఎగరేస్తే విమానం ఎదురుగాలిలో ఉన్నచోటే వేలాడినట్టు కనిపిస్తుంది. గాలి నిమ్మళంగా ఉండే శీతకాలపు ఉదయాన అదే ప్రాప్ హాయిగా పనిచేస్తుంది. మొదటి ప్రాప్‌గా 9×6 తీసుకోండి. రెండోదిగా 10×5 దగ్గర పెట్టుకోండి, కానీ పరీక్ష అయ్యాకే వాడాలి.

ఆ పరీక్షకు వాట్ మీటరు కావాలి. దీన్ని బ్యాటరీకీ ఈఎస్‌సీకీ మధ్య పెట్టండి. బ్యాటరీ నిండుగా ఛార్జి అయి ఉండాలి. విమానాన్ని వెనుక నుంచి ఒకరు గట్టిగా పట్టుకోవాలి. ప్రాప్ తిరిగే వలయానికి సూటిగా పక్కన ఎవరూ నిలబడకూడదు. 8,000 చుట్ల దగ్గర 10 అంగుళాల ప్రాప్ కొస గంటకు 380 కిలోమీటర్ల వేగంతో కదులుతుంది. ఆ వేగంలో ముక్క విరిగితే అది వెళ్లేది పక్కకే. థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఐదారు సెకన్లు ఉంచి, అంకె చూసి దించేయండి. 30 ఆంపియర్ల ఈఎస్‌సీ మీద 24కు మించి చూపిస్తే ఆ ప్రాప్ వద్దు. మోటారు తయారీదారు చెప్పిన హద్దు ఇంకా తక్కువైతే దానికే కట్టుబడండి.

పరీక్ష ఎప్పుడు చేయాలన్నది కూడా ముఖ్యమే. మహబూబ్‌నగర్ సముద్రమట్టానికి దాదాపు 500 మీటర్ల ఎత్తున ఉంది. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో ఇక్కడి గాలి ఘనమీటరుకు దాదాపు 1.06 కిలోలు. డిసెంబరు ఉదయం 15 డిగ్రీల దగ్గర అది 1.15 కిలోలకు వస్తుంది. సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీల ప్రామాణిక గాలి 1.225. పలుచని గాలిలో ప్రాప్ తేలిగ్గా తిరుగుతుంది, తక్కువ ఆంపియర్లు లాగుతుంది, తక్కువగానే తోస్తుంది. కనుక ఎండాకాలంలో సరిపోయిందనుకున్న ప్రాప్ చలికాలంలో హద్దు దాటవచ్చు. ఆంపియర్లను చల్లటి ఉదయం కొలవండి. మోటారు వేడిని మాత్రం ఎండ వేళ ఐదు నిమిషాలు ఎగరేసి దిగాక చూడండి. వేలు పెట్టి మూడు సెకన్లు ఉంచలేనంత వేడిగా ఉంటే పిచ్ ఒక అంగుళం తగ్గించాల్సిందే.

కొనేటప్పుడు రకం కూడా చూడాలి. స్లో ఫ్లై అని రాసి ఉన్న పలుచని ప్రాప్‌లు మన మోటారుకు వద్దు. ఏపీసీ సంస్థ తన స్లో ఫ్లైయర్ ప్రాప్‌లకు పెట్టిన హద్దు, 65,000ను వ్యాసంతో భాగిస్తే వచ్చే అంకె. 10 అంగుళాలకు నిమిషానికి 6,500 చుట్లే. మనం అంతకన్నా పైన తిప్పుతున్నాం. ఎలక్ట్రిక్ రకం అడిగి తీసుకోండి. బిగించేటప్పుడు అంకెలున్న వైపు ముందుకు, అంటే విమానం వెళ్లే దిక్కుకు ఉండాలి.

బ్యాలెన్స్ చూడకుండా ఏ ప్రాప్‌నూ తిప్పకండి. రంధ్రంలో బిగుతుగా పట్టే నున్నటి ఉక్కు కడ్డీ దూర్చి, ఒకే ఎత్తున్న రెండు గాజు గ్లాసుల అంచుల మీద ఆనించండి. ఎప్పుడూ కిందికి దిగే బ్లేడు బరువైనది. దాని వెనుక వైపు, కొస దగ్గర సన్నటి గరుకు కాగితంతో కొంచెం కొంచెం అరగదీయండి. ముందు అంచునూ మొదలునూ ముట్టుకోవద్దు. మన ఎర్ర చలకల్లో గులకరాళ్లు ఎక్కువ, నేల మీద పరుగెత్తించిన ప్రతిసారీ ముందు అంచు మీద గాటు పడుతుంది. చిన్న గాటు అరగదీస్తే పోతుంది. బ్లేడు మొదలు దగ్గర గాటు పడినా, పగులు కనిపించినా ఆ ప్రాప్‌ను విరిచి పారేయండి. అతికించి వాడవద్దు.

ఇప్పుడు స్పిన్నర్. దీనికి రెండు భాగాలు: వెనుక పళ్లెం, ముందు కోను. పళ్లెం, ప్రాప్, వాషరు, నట్టు, కోను, ఈ వరుసలో పడతాయి. కోను అంచులో బ్లేడు బయటికి రావడానికి గాడి ఉంటుంది. చిక్కంతా ఆ గాడి దగ్గరే. బ్లేడు మొదలు మందం, వాలు ఒక్కో ప్రాప్‌కు ఒక్కోలా ఉంటాయి. ముందే స్పిన్నర్ కొన్నవాళ్లు ప్రాప్‌ను దాని గాడిలోకి బలవంతంగా ఇరికిస్తారు.

నేనూ ఆ తప్పు చేశాను. వేరుశనగ చేను పక్కన ఎగరేస్తున్నప్పుడు పైకెక్కుతున్న విమానం ఒక్కసారిగా వణికి, గరగరమని శబ్దం చేసింది. థ్రాటిల్ మూసి దించేసరికి కోను సగం లేదు. గాడి మూల బ్లేడును ఒత్తుతూ ఉండి, అక్కడి నుంచి పగులు పాకింది. మిగిలిన సగం ఒకే వైపు బరువై తిరగడంతో మోటారు మౌంటు చెక్క కూడా చీలింది. అప్పటి నుంచి గాడి చుట్టూ ఒక మిల్లీమీటరు ఖాళీ లేకుండా ఏ స్పిన్నర్‌నూ బిగించలేదు. గాడిని సన్నటి గుండ్రటి ఆకురాయితో పెంచండి. కత్తితో కోస్తే మూలలు పదునుగా మిగులుతాయి, పగులు అక్కడే పుడుతుంది.

మన విమానానికి 51 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ స్పిన్నర్ సరిపోతుంది. ప్రాప్ నడిమి భాగం తోసేది చాలా తక్కువ, కాబట్టి ఆ మేర కప్పినా నష్టం లేదు. ఇంకా పెద్దది పెడితే మోటారుకు చల్లటి గాలి వెళ్లే దారి మూసుకుపోతుంది. కౌల్‌కూ (మోటారును కప్పే తొడుగుకూ) పళ్లేనికీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్లు వదలండి. పళ్లెం రంధ్రం చిన్నదైతే డ్రిల్లు వాడకండి. కేంద్రం పక్కకు జరిగితే స్పిన్నర్ ఊగుతుంది. కోసుగా ఉండే రీమరుతో రెండు వైపుల నుంచీ కొంచెం కొంచెం పెంచాలి. రబ్బరు రింగుతో ప్రాప్ పట్టే ప్రాప్ సేవర్ మీద స్పిన్నర్ అసలు నిలవదు. స్పిన్నర్‌కు కోలెట్ (మోటారు ఇరుసును బిగించి పట్టే అమరిక) ఉండాలి. అల్యూమినియం స్పిన్నర్ అందంగా ఉంటుంది, కానీ దాని బరువు ముక్కు కొసన పడుతుంది. కొనాలా వద్దా అన్నది వచ్చే పాఠంలో బరువు కేంద్రం చూశాక తేల్చుకుందాం.

అప్పటిలోగా రెండు ప్రాప్‌లూ బ్యాలెన్స్ చేసి, స్పిన్నర్ లేకుండానే పరీక్షించి, ఆంపియర్లు, ఆ రోజు తేదీ, ఉదయమా మధ్యాహ్నమా అన్నది నోటు పుస్తకంలో రాసి ఉంచండి. మోటారు పని అయ్యాక ప్రాప్ తీసేయండి. వచ్చే పాఠంలో రేడియో సర్దుబాటు కూడా ఉంది, ఆ పని ప్రాప్ లేని విమానం మీదే చేస్తాం.