క్రియ వెంట వచ్చే చిన్న మాట: ఇంగ్లీషు ఫ్రేజల్ వర్బులను పట్టుకునే పద్ధతి

‘వెనుకాడు’ అనే క్రియలో వెనుక అన్న దిక్కు గానీ ఆట గానీ మనకు స్ఫురించవు, సందేహించడమే స్ఫురిస్తుంది. ‘లోబడు’, ‘బయటపడు’, ‘ఎదురుపడు’ కూడా అలాంటివే. చేపట్టు, తలపెట్టు, మేలుకొను వంటి కలయికలకు మన వ్యాకరణం శబ్దపల్లవాలు అని ప్రత్యేకంగా పేరే పెట్టింది. కాబట్టి ‘గివ్ అప్’ అంటే ‘పైకి ఇవ్వడం’ కాక ‘వదులుకోవడం’ ఎలా అయిందని తెలుగువారు ఆశ్చర్యపోనక్కరలేదు. అసలు చిక్కు వేరే చోట ఉంది. మనం ‘లో’, ‘బయట’ వంటి చిన్న మాటను క్రియకు ముందు చేర్చి రెంటినీ ఒకే పదంగా అతికించేస్తాం. ఇంగ్లీషులో ‘అప్’ వంటి చిన్న మాట క్రియ తరవాత విడిగా నిలుస్తుంది, కొన్నిసార్లు క్రియకు దూరంగా జరిగి మధ్యలో ఇంకో మాటకు చోటిస్తుంది. ఎప్పుడు జరుగుతుంది, ఎప్పుడు జరగదు అన్నది తెలిస్తే సగం పని అయినట్లే. ఈ కలయికలు పరాయివారికి మహా కష్టమని ఇంగ్లీషు నిఘంటుకారుడు సామ్యూల్ జాన్సన్ 1755లో తన నిఘంటువు పీఠికలోనే ఒప్పుకున్నారు. వీటికి ‘ఫ్రేజల్ వర్బ్’ అన్న పేరు మాత్రం 1925లో రచయిత లోగన్ పియర్సల్ స్మిత్ రాతతో ప్రచారంలోకి వచ్చింది.

ముందుగా తేల్చుకోవలసింది, క్రియ పక్కనున్న చిన్న మాట క్రియకు చెందిన క్రియా విశేషణమా, నామానికి ముందు వచ్చి మన విభక్తిలా పనిచేసే ప్రిపొజిషనా అన్న సంగతి. ‘అప్’, ‘ఆఫ్’, ‘ఆన్’, ‘ఇన్’ వంటివి రెండు వేషాలూ వేస్తాయి గనుక మాటను చూసి చెప్పలేము, వాక్యంలో పరీక్షించాలి. కర్మను తీసేసి దాని స్థానంలో ‘ఇట్’ పెట్టడం ఇందుకు తేలికైన మార్గం. ‘టర్న్ ఆఫ్ ది లైట్’ అనవచ్చు, ‘టర్న్ ది లైట్ ఆఫ్’ అనీ అనవచ్చు. కానీ ‘ఇట్’ వచ్చిందంటే ‘టర్న్ ఇట్ ఆఫ్’ ఒక్కటే ఒప్పు, ‘టర్న్ ఆఫ్ ఇట్’ తప్పు. ఇక్కడ ‘ఆఫ్’ క్రియా విశేషణం. దాని సంబంధం క్రియతోనే. ‘లుక్ ఫర్ ది కీ’ అన్న వాక్యంలో మాత్రం ‘లుక్ ఫర్ ఇట్’ అనాలి, ‘లుక్ ఇట్ ఫర్’ అనకూడదు. ‘ఫర్’ ప్రిపొజిషన్, మన విభక్తి నామాన్ని అంటిపెట్టుకున్నట్లే అది తన తరవాతి నామాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది.

ఒకే మాట రెండు రకాలుగా పనిచేసే జంటలను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ తేడా బాగా మనసుకెక్కుతుంది. ‘హీ రాన్ అప్ ఎ హిల్’ అంటే కొండ మీదికి పరుగెత్తాడని. ‘హీ రాన్ అప్ ఎ బిల్’ అంటే చెల్లించవలసిన బాకీ పెంచేసుకున్నాడని. మొదటిదాన్ని ‘రాన్ అప్ ఇట్’ అంటాం, రెండోదాన్ని ‘రాన్ ఇట్ అప్’ అంటాం. అలాగే ‘టర్న్డ్ ఇట్ ఆన్’ అంటే మీట నొక్కి పనిచేయించడం, ‘ది డాగ్ టర్న్డ్ ఆన్ హిమ్’ అంటే కుక్క అతని మీదికి తిరగబడటం. చెవితోనూ పరీక్షించవచ్చు: ‘టర్న్ ఇట్ ఆఫ్’ అన్నప్పుడు ఊనిక, అంటే ఒత్తి పలకడం, ‘ఆఫ్’ మీద పడుతుంది, ‘లుక్ ఫర్ ఇట్’ అన్నప్పుడు ‘లుక్’ మీద పడి ‘ఫర్’ తేలిపోతుంది.

బహుశా ఆ ఊనిక వల్లనే కావచ్చు, ఆ చిన్న మాటను మనం కూడా పట్టుకున్నాం. తెలుగులో ‘లైటు ఆఫ్ చెయ్యి’, ‘ఫ్యాన్ ఆన్ చెయ్యి’ అంటాం. ‘టర్న్’, ‘స్విచ్’ రెండూ జారిపోయి అర్థం మోసే మాటే మిగిలింది. అయితే ఇంగ్లీషులోకి తిరిగి వెళ్లేటప్పుడు ‘ఆఫ్ ద లైట్’ అని ఊరుకోకుండా క్రియను మళ్లీ తెచ్చి పెట్టుకోవాలి.

అర్థం పట్టుకోవడానికి మన సహాయక క్రియలు బాగా పనికొస్తాయని నా అభిప్రాయం. ‘తిను’కు, ‘తినేయి’కి ఎంత తేడా ఉందో ‘ఈట్’కు, ‘ఈట్ అప్’కు దాదాపు అంతే ఉంది, పని పూర్తయిందన్న భావాన్ని మనకు ‘వేయు’ ఇస్తే వారికి ‘అప్’ ఇస్తుంది. ‘యూజ్ అప్’ను వాడేయడమనీ, ‘డ్రింక్ అప్’ను తాగేయడమనీ అనుకోవచ్చు. ‘గో ఔట్’ దీపం గురించి అన్నప్పుడు ‘ఆరిపోవు’ అవుతుంది, ‘బ్రేక్ డౌన్’ బస్సు గురించి అన్నప్పుడు ‘ఆగిపోవు’ అవుతుంది. ‘టాక్ ఆన్’లోని ‘ఆన్’ మన ‘మాట్లాడుతూ పోవు’లోని కొనసాగింపు. ఈ పోలిక అన్నిచోట్లా అతకదు గానీ, పొడుగాటి జాబితాలు కంఠస్థం చేయడం కంటే మేలు.

మూడు మాటల కలయికల్లో క్రియ, క్రియా విశేషణం, ప్రిపొజిషన్ వరుసగా వస్తాయి: ‘పుట్ అప్ విత్’ అంటే ఓర్చుకోవడం, ‘రన్ ఔట్ ఆఫ్’ (of) అంటే నిండుకోవడం. చివరిది ప్రిపొజిషన్ కాబట్టి ‘ఇట్’ ఆఖరునే వస్తుంది. ఉత్తరాల్లో అడుగడుగునా కనబడే తప్పు ‘లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యూ’. ఇక్కడి ‘టు’ ప్రిపొజిషన్, దాని తరవాత నామం గానీ నామంలా పనిచేసే రూపం గానీ రావాలి కనుక ‘లుకింగ్ ఫార్వర్డ్ టు మీటింగ్ యూ’ అని రాయాలి.

మన తప్పుల్లో ఎక్కువ భాగం విభక్తిని విభక్తిగా అనువదించడం వల్ల వచ్చేవే. ‘నా మీద కోపం’ అనే అలవాటు ‘యాంగ్రీ ఆన్ మీ’ అనిపిస్తుంది. ఒప్పు ‘యాంగ్రీ విత్ మీ’. ‘ఫలానావారితో పెళ్లయింది’ అన్నది ‘మ్యారీడ్ విత్’ అవుతుంది. అక్కడ కావలసింది ‘టు’. ‘పాట విన్నాను’లో విభక్తి కనబడదు గనుక ‘లిజన్ ద సాంగ్’ అనేస్తాం, ‘టు’ మరచిపోతాం. దీనికి వ్యతిరేకంగా, ‘దాని గురించి చర్చించాం’ అన్న వాక్యం చేత ‘డిస్కస్ అబౌట్’ అని అక్కరలేని మాట చేరుస్తాం; ‘డిస్కషన్ అబౌట్’ అనే నామానికి ఆ మాట తగినదే గానీ క్రియకు తగదు. ‘కోప్ అప్ విత్’లోని ‘అప్’, ‘రిటర్న్ బ్యాక్’లోని ‘బ్యాక్’ ఇలా అనవసరంగా వచ్చి చేరినవే. అదృష్టవశాత్తు ‘మీద ఆధారపడు’కు ‘డిపెండ్ ఆన్’, ‘కోసం ఎదురుచూడు’కు ‘వెయిట్ ఫర్’ సరిగ్గా సరిపోతాయి. తేడా ఉన్నవాటిని మాత్రమే నోటుపుస్తకంలో రాసుకోండి.

రాసుకునేటప్పుడు విడి మాట రాయకుండా ‘ఇట్’తో కూడిన వాక్యం రాయండి: ‘పుట్ ఇట్ ఆఫ్’, ‘లుక్ ఆఫ్టర్ ఇట్’. చిన్న మాట చోటు ఎక్కడో పేజీ తెరవగానే కంటికి కనబడుతుంది. నేర్చుకునేవారి కోసం తయారైన నిఘంటువులు కూడా క్రియకూ చిన్న మాటకూ మధ్య ‘సమ్‌థింగ్’ ఉంచి ఇదే సంగతి సూచిస్తాయి. రాతలో ఇంకొకటి గమనించాలి: ‘లాగిన్’, ‘బ్యాకప్’ నామాలైతే ఒకే పదం, క్రియలైతే ‘లాగ్ ఇన్’, ‘బ్యాక్ అప్’ అని రెండు పదాలు. ఊనిక కూడా నామంలో మొదటి భాగం మీద, క్రియలో చివరి భాగం మీద పడుతుంది.

విదేశాలకు వెళ్లేవారు ‘పాస్ ఔట్’ విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. హైదరాబాదులోని జాతీయ పోలీసు అకాడమీలో పాసింగ్ ఔట్ పరేడ్ జరుగుతుంది, మన కళాశాలల్లో ఏటా విద్యార్థులు ‘పాస్ ఔట్’ అవుతారు. ఆ వాడుక ఇక్కడ అందరికీ అర్థమవుతుంది. అమెరికాలో ఉద్యోగానికి ఇంటర్వ్యూ చేసే వ్యక్తితో మాత్రం ‘ఐ పాస్డ్ ఔట్ ఇన్ 2015’ అంటే, ఆ సంవత్సరం మీరు స్పృహ తప్పి పడిపోయారని అనుకుంటారు. అక్కడ ‘గ్రాడ్యుయేటెడ్’ అనండి.