పిల్లను తెచ్చాక పెద్దకుక్క గుర్రుమంటుంటే

మా టామీకి పదేళ్లు. వీధిలో పుట్టి మా ఇంట్లో పెరిగిన నాటు కుక్క. రెండు నెలల కుక్కపిల్ల చిట్టిని తెచ్చిన రోజు వాడు దాన్ని ఒక్కసారి వాసన చూసి, వెళ్లి మంచం కింద దూరాడు. ఆ తర్వాత మాకొచ్చిన ఇబ్బందులు, వాటి కారణాలు, ఏం చేస్తే సర్దుకున్నాయో రాస్తున్నాను. మీ ఇంట్లో ఏది జరుగుతుంటే అక్కడి నుంచి చదువుకోండి.

పిల్ల దగ్గరికి రాగానే పెద్దది గుర్రుమంటోంది

అందరూ ముందు కంగారుపడేది దీనికే. "ఇక చాల్లే, దూరం జరుగు" అని పెద్దది చెప్పే పద్ధతి ఇది. ఆ సంగతి తెలియక నేను రెండు రోజులు టామీని కసిరాను. మూడో రోజు వాడు గుర్రుమనలేదు, నేరుగా పళ్లతో చిట్టి మూతి మీదికి వెళ్లాడు. తప్పు నాదే. హెచ్చరించినందుకు తిట్లు తింటే హెచ్చరిక మానేస్తుంది, కోపం మానదు.

గుర్రుమనే ముందే గుర్తులు కనిపిస్తాయి. చిట్టి చెవి పట్టి లాగుతుంటే టామీ తెరిచి ఉన్న నోరు మూసేవాడు. ఒళ్లు కర్రలా బిగిసేది. ఎదురుగా తిండి లేకపోయినా పెదవులు నాక్కునేవాడు. తల పక్కకు తిప్పుకున్నా చూపు చిట్టి మీదే ఉండి, కంటి తెల్లగుడ్డు కనిపించేది. అప్పుడే, అరవకుండా, పిల్లను ఎత్తుకుని పక్కకు తీసుకెళ్లాలి.

గుర్రుమనగానే పిల్ల వెనక్కి తగ్గితే కలగజేసుకోకండి, దానికి పాఠం అందింది. ఎంత చెప్పినా వినకుండా మీద పడుతుంటే చాలాసార్లు అది నిద్ర చాలకే. ఈ వయసులో రోజుకు 18 నుంచి 20 గంటలు నిద్రపోతాయి. తీసుకెళ్లి వేరే గదిలో పడుకోబెట్టండి.

మొదటి రోజే గొడవైంది

ఇంటిల్లిపాదీ హాల్లో చేరి, పెద్దదాని చోటులోనే పిల్లను దించడం వల్ల ఇలా అవుతుంది. మేమూ అదే చేశాం. పోయిందేమీ లేదు, రెండు మూడు రోజులు వేర్వేరు గదుల్లో ఉంచి మళ్లీ మొదలుపెట్టొచ్చు. ఒకటి పడుకున్న తువ్వాలు రెండోదాని దగ్గర వేయండి, ముందు వాసన అలవాటవుతుంది. తర్వాత పెద్దది రోజూ తిరగని చోట కలపండి.

పార్కుకో వీధిలోకో తీసుకెళ్లమని చాలామంది చెబుతారు. టీకాలు పూర్తికాని పిల్లతో ఆ పని వద్దు. కుక్కపిల్లలకు వాంతులు, రక్త విరేచనాలు తెచ్చే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, వీధికుక్కలు తిరిగే చోట ఎక్కడుంటుందో చెప్పలేం. మేము డాబా మీద కలిపాం. ఇద్దరు మనుషులు, రెండు బెల్టులు. బెల్టు వదులుగా పట్టుకోవాలి, బిగిస్తే మన టెన్షన్ కుక్కకు తెలిసిపోతుంది. ఎదురెదురుగా నిలబెట్టకుండా ఒకే దిక్కుగా నడిపించి, ఐదు నిమిషాల్లో ముగించండి.

టీకాల మాట వచ్చింది కాబట్టి: ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటిది, తర్వాత మూడు నాలుగు వారాలకొకటి చొప్పున 16 వారాలు నిండేవరకు. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక. పెద్దదానికీ టీకాలు సమయానికి పడ్డాయో లేదో చూసుకోండి. పిల్లకు వాంతులు, రక్తంతో విరేచనాలు మొదలైతే తెల్లారేదాకా ఆగొద్దు.

తిండి దగ్గర కొట్టుకుంటున్నాయి

గిన్నెలు వేర్వేరు గదుల్లో పెట్టి, తినగానే తీసేయండి. ఎముకలు, నమిలే బొమ్మలు రెండూ కలిసున్నప్పుడు అసలు వద్దు. మా ఇంట్లో అసలు గొడవ గిన్నె దగ్గర కాదు, వంటింటి గడప దగ్గర. అమ్మ పెరుగన్నం కలుపుతుంటే రెండూ అక్కడే కాపలా. ఆ సమయానికి చిట్టిని గదిలో పెట్టడంతో సగం గొడవ తగ్గింది. ఇంకోటి, కుక్కపిల్లల తిండి బాగా బలమైనది. పెద్దది రోజూ దొంగతనంగా తింటే లావవుతుంది, విరేచనాలూ పట్టుకోవచ్చు.

పెద్దది ముభావంగా ఉంది, ఇంట్లో పాస్ పోస్తోంది

చాలాసార్లు కారణం మనమే. పిల్ల హడావిడిలో పెద్దదాని షికారు టైము తప్పుతుంది. పాత వేళలే పాటించండి, రోజూ పావుగంట దానితో ఒంటరిగా గడపండి. పిల్ల రాలేని చోటు ఒకటి ఉండాలి. మేము గది గుమ్మానికి అడ్డంగా ప్లైవుడ్ చెక్క పెట్టాం.

రోజంతా తిండి ముట్టకపోయినా, పాస్ పోయడం ఆగకపోయినా డాక్టరుకు చూపించండి. కిడ్నీ, షుగర్, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, ఏదైనా కావచ్చు. ఇన్నాళ్లూ ఓర్చుకున్న ముసలికుక్క హఠాత్తుగా పిల్లను దగ్గరికి రానివ్వకపోతే నొప్పి ఉందేమో అనుమానించండి: తుంటి, పళ్లు, చెవి. టైల్స్ మీద కాళ్లు జారుతుంటే గోనె పట్టాలు పరవండి. మనుషుల నొప్పి మాత్రలు, పారాసిటమాల్ అయినా ఐబూప్రొఫెన్ అయినా, సొంతంగా వేయొద్దు. ప్రాణం మీదికి వస్తుంది.

రక్తం వచ్చేలా కరిచింది

మధ్యలో చెయ్యి పెట్టకండి. పళ్లెం గట్టిగా మోగించండి, నీళ్లు కుమ్మరించండి, కుర్చీ అడ్డం పెట్టండి. పిల్లకు పైకి చిన్న చిల్లే కనిపించినా లోపల దెబ్బ లోతుగా ఉండొచ్చు, డాక్టరుకు చూపించాల్సిందే. మీకు పన్ను దిగితే సబ్బు పెట్టి, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లండి, మన కుక్కే కదా అనుకోవద్దు. మళ్లీ మళ్లీ ఇలాగే జరిగితే రెండింటినీ వేరుగా ఉంచి ట్రైనర్‌ను పిలవండి.

ఎన్నాళ్లకు సర్దుకుంటాయంటే, కొన్ని వారాలు పట్టొచ్చు, నెలలూ పట్టొచ్చు. మాకు ఐదో వారంలో టామీ మొదటిసారి ముందుకాళ్లు చాపి, వెనక భాగం పైకెత్తి ఆటకు పిలిచాడు. అయినా మేము బయటికి వెళ్తే ఇప్పటికీ చెక్క అడ్డం పెట్టే వెళ్తాం. తాళంచెవి చప్పుడు వినగానే టామీ తనంతట తానే చెక్కకు అవతలికి వెళ్లి పడుకుంటాడు.